అరికాలు తిప్పి చూడండి: పుట్టుమచ్చల్లో తేడా మచ్చని పట్టుకోవడం ఎలా

చర్మ క్యాన్సర్ గురించి నెట్‌లో వెతికితే వచ్చే ఫొటోలన్నీ తెల్లవాళ్ళ వీపులూ భుజాలూనే. ఎండలో పడుకోకండి, క్రీము రాసుకోండి అని సలహాలు. వాళ్ళకి అవి సరైన సలహాలే. కానీ అమలాపురం పక్క పల్లెలో సార్వా ఊడుపులకి దిగే ఆవిడో, భీమవరం దగ్గర చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే కుర్రాడో వాటిని చూస్తే "ఇది మనకొచ్చే జబ్బు కాదులే" అనుకుని పక్కన పెట్టేస్తారు. అందులో సగం నిజం ఉంది. మన చర్మంలో ఉన్న మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ నుంచి మనల్ని బాగానే కాస్తుంది, మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒక్కరికి కూడా రాదు. మిగతా సగం ఎవరూ చెప్పడం లేదు. మనలాంటి రంగు వాళ్ళకి అది వచ్చినప్పుడు ఎక్కువగా వచ్చేది అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. ఎండ తగలని చోట్లు, మనం ఎప్పుడూ చూసుకోని చోట్లు. అక్కడ వచ్చినదాన్ని ఆనికాయ అనో, ముల్లు దిగిందనో, షుగర్ పుండనో అనుకుంటూ నెలలు గడిపేస్తాం, డాక్టరు దగ్గరికి చేరేసరికి అది లోతుకి దిగిపోయి ఉంటుంది.

అందుకే ఇది రాస్తున్నాను. చదివి భయపడమని కాదు. మీ ఒంటి మీదా, మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఒంటి మీదా ఏ మచ్చని వదిలెయ్యచ్చో, ఏ మచ్చని ఈ నెలలోనే చూపించుకోవాలో మీ అంతట మీకే తెలియాలి.

ముందు మామూలు మచ్చ ఎలా ఉంటుందో తెలుసుకోండి

చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుంపు కడితే పుట్టుమచ్చ అవుతుంది. పుట్టినప్పుడే ఉండేవి కొన్నే, ఎక్కువ భాగం చిన్నతనం నుంచి ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ లోపు ఒక్కొక్కటిగా వస్తాయి. పెద్దవాళ్ళకి పది నుంచి నలభై దాకా ఉండటం మామూలే. గుండ్రంగానో కోలగానో ఉండి, అంచు స్పష్టంగా తెలుస్తూ, అంతా ఒకే రంగులో, ఏళ్ళ తరబడి అదే సైజులో ఉన్న మచ్చ మంచి మచ్చ. కొన్ని వయసుతో కాస్త పైకి లేస్తాయి, మెత్తబడతాయి, వాటిలోంచి వెంట్రుక మొలుస్తుంది. వెంట్రుక ఉందని టెన్షన్ పడక్కర్లేదు. ఈడొచ్చే వయసులో, కడుపుతో ఉన్నప్పుడు మచ్చలు కొంచెం ముదురు రంగుకి తిరుగుతాయి, అన్నీ ఒకేలా తిరిగితే పర్వాలేదు గానీ ఒక్కటి మాత్రమే మారుతుంటే అది వేరే సంగతి.

మనం మచ్చలనే లెక్కలో వేసే ఇంకొన్ని ఉన్నాయి. ముప్ఫై దాటాక బుగ్గల మీద, కళ్ళ చుట్టూ వచ్చే చిన్న చిన్న నల్ల పులిపిర్లు, మెడ చుట్టూ వేలాడే మెత్తటి తోలు పులిపిర్లు, ముసలివాళ్ళ వీపు మీద గరుకుగా, గోకితే పొట్టు రాలేలా ఉండే మందపాటి నల్ల మచ్చలు, ఆడవాళ్ళకి బుగ్గల మీద వచ్చే మంగు. ఇవేవీ క్యాన్సర్‌గా మారేవి కావు. చూడ్డానికి బాగాలేవనుకుంటే డాక్టరు దగ్గర తీయించుకోవచ్చు, అంతే.

మెలనోమా ఎప్పుడూ పాత పుట్టుమచ్చలోంచే పుడుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. సుమారు 70 శాతం మెలనోమాలు ఏ మచ్చా లేని చోట కొత్తగా పుడతాయి, పాత మచ్చలోంచి వచ్చేవి మిగతా 30 శాతమే. దీన్నిబట్టి రెండు సంగతులు అర్థం చేసుకోండి. ఉన్న మచ్చలన్నీ ముందుజాగ్రత్తగా తీయించేసుకుంటే ప్రమాదం తప్పుతుందనుకోవడంలో అర్థం లేదు. నలభై దాటాక కొత్తగా ఒక నల్లమచ్చ మొలిస్తే, అది ఎంత చిన్నదైనా, ఇంతకు ముందు లేదు కదా అని ఆగి చూడాలి.

వైద్యులు అసాధారణ మచ్చలు అనేవి కూడా కొందరికి ఉంటాయి. అయిదు మిల్లీమీటర్లు దాటి ఉంటాయి, అంచు చెదిరినట్టు ఉంటుంది, ఒకే మచ్చలో లేత గోధుమ, ముదురు గోధుమ కలిసి ఉంటాయి. చూడ్డానికి భయం వేస్తుంది గానీ వీటిలో దాదాపు అన్నీ ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. ప్రమాదం ఆ మచ్చలో కన్నా ఆ మనిషిలో ఎక్కువని చెప్పాలి. అలాంటివి నాలుగైదు ఉన్నవాళ్ళకి, ఒంటి మీద యాభై, వంద మచ్చలు ఉన్నవాళ్ళకి, అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో మెలనోమా వచ్చి ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళ కన్నా మెలనోమా వచ్చే అవకాశం ఎక్కువ, ఇంకో చోట కొత్తగా అయినా రావచ్చు. వీళ్ళు ఏడాదికి ఒకసారి చర్మం డాక్టరుకి ఒళ్ళంతా చూపించుకోవాలి.

పిల్లల విషయంలో రెండే మాటలు చెబుతాను. పుట్టుకతోనే చెయ్యంత, వీపంత పెద్ద నల్లమచ్చ ఉంటే, పెద్దయ్యాక చూద్దాంలే అనకుండా పసితనం నుంచే డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి. రెండోది, రెండు మూడేళ్ళు కూడా నిండకుండానే ఎండ తగిలే ముఖం, చేతుల మీద నల్లచుక్కలు గుప్పున వచ్చి, వెలుతురు చూడలేక కళ్ళు నులుముకునే పిల్లలు ఉంటారు. జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జన్యు జబ్బు అయి ఉండచ్చు, చాలా అరుదు, కానీ మేనరికాల్లో వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి పిల్లలకి ఎండ నిజంగానే ప్రాణాంతకం, పదేళ్ళు నిండకుండానే చర్మ క్యాన్సర్ రావచ్చు. చుక్కలు అందంగా ఉన్నాయని ముద్దు చేసి వదిలెయ్యకండి.

ఒళ్ళు చూసుకునే పద్ధతి

నెలకి ఒకసారి చాలు. రోజూ చూసుకుంటే మార్పు తెలియదు సరికదా, లేనిపోని బెంగ పట్టుకుంటుంది. తలంటుకునే ఆదివారం ఒకటి పెట్టుకోండి. పొలం నుంచో చెరువు నుంచో వచ్చిన కాళ్ళతో చూడకండి, మడమ పగుళ్ళలో ఎండిన బురద గీతలు అచ్చం నల్లచారల్లాగే కనిపిస్తాయి. సబ్బు పెట్టి పీచుతో బాగా రుద్దుకుని తుడుచుకున్నాక చూడండి. అరటి గెలల పని చేసేవాళ్ళ చేతులకి ఆ జిగురు మరక రోజుల తరబడి పోదు, అనుమానం ఉంటే వారం పని మానాక మళ్ళీ చూసుకోండి.

ఆడవాళ్ళకి ఇంకో మాట. ఆషాఢం వచ్చిందంటే అరచేతులకీ, అరికాళ్ళ అంచులకీ, గోళ్ళకీ గోరింటాకు పెట్టుకుంటాం. చర్మం మీద పది పదిహేను రోజుల్లో పోతుంది గానీ గోళ్ళ మీద ఎరుపు నెలల తరబడి ఉంటుంది, పైగా చాలామంది పోకముందే మళ్ళీ పెట్టుకుంటారు. కాళ్ళకి పసుపు సరేసరి. కాబట్టి గోరింటాకు నూరుకునే ముందు, చేతులూ కాళ్ళూ శుభ్రంగా ఉన్నప్పుడు, ఇరవై వేళ్ళనీ ఒకసారి చూసుకుని ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. నెయిల్ పాలిష్ ఎప్పుడూ వేసుకునేవాళ్ళు నెలకో రోజు పూర్తిగా తుడిచేసి చూసుకోండి. మెట్టెలు కాస్త జరిపి వాటి కింద కూడా చూడండి.

వెలుతురు ముఖ్యం. ఇంట్లో ట్యూబులైటు కింద కాకుండా పగటిపూట వీధి అరుగు మీదో, పెరటి గుమ్మంలోనో కూర్చోండి. నెత్తి నుంచి మొదలుపెట్టండి. జుట్టు పాయలు తీసి మాడు, చెవుల వెనక, మెడ, ఛాతీ, ఆడవాళ్ళు రొమ్ముల కింద, బొడ్డు, మొలతాడు కట్టే చోటు, చీర బొందు బిగించే చోటు, గజ్జలు, మర్మావయవాలు, తొడలు, పిక్కలు, కాలివేళ్ళ సందులు, అరికాళ్ళు, చివరికి గోళ్ళు. నోట్లో చిగుళ్ళు, అంగిలి కూడా ఒకసారి అద్దంలో చూసుకోండి, మనవాళ్ళకి మెలనోమా అక్కడ కూడా వస్తుంది. వీపు మాత్రం మీ అంతట మీరు చూసుకోలేరు, మీ ఆయనకో మీ ఆవిడకో చెప్పండి.

ఇంట్లో అరవై దాటినవాళ్ళు తమ అరికాలు తాము చూసుకోలేరు. వంగలేరు, మోకాళ్ళ నొప్పులు, చూపు ఆనదు. వాళ్ళ కాళ్ళని మీరే చూడాలి. నాయనమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు, మనవడు ఫోను టార్చి వేసి రెండు నిమిషాలు చూస్తే సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు ఎలాగూ రోజూ చూడాల్సిందే, ఆ చూపులోనే ఇదీ కలిసిపోతుంది.

కనిపించిన ప్రతి మచ్చకీ ఫొటో అక్కర్లేదు. కాస్త పెద్దవి, కొత్తవి, అరికాలు, అరచెయ్యి, గోళ్ళ మీదవి మాత్రం తీసుకోండి. పక్కన పిల్లల స్కూలు స్కేలు ఆనించి, మిల్లీమీటర్ల గీతలు కనిపించేలా, ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి తీయండి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే వెలుతురులో మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మన కన్ను మార్పుని మర్చిపోతుంది, ఫొటో మర్చిపోదు. మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు కోసం రాసిన రెండు మచ్చలు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి, అవి కనీసం అప్పటి నుంచి ఉన్నాయనడానికి అదొక కాగితం ఆధారం, డాక్టరు "ఇది ఎప్పటి నుంచి ఉంది" అన్నప్పుడు పనికొస్తుంది.

తేడా మచ్చని ఎలా పోల్చుకోవాలి

1985లో న్యూయార్క్ వైద్యులు మామూలు జనం కూడా గుర్తుపెట్టుకునేలా నాలుగు లక్షణాలు చెప్పారు, తర్వాత అయిదోది కలిపారు. మచ్చ మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా? అంచు నున్నగా ఉందా, గజిబిజిగా లోపలికీ బయటికీ పోయిందా? రంగు ఒకటేనా, లేక ఒకే మచ్చలో గోధుమ, నలుపు, బూడిద, ఎరుపు, మధ్యలో తెల్లబారడం కలిసి ఉన్నాయా? అడ్డంగా కొలిస్తే ఆరు మిల్లీమీటర్లు, అంటే దాదాపు పెన్సిల్ మందం దాటిందా? అయిదోది అన్నిటికన్నా బరువైనది: మారుతోందా? వారాల్లో, నెలల్లో పెరగడం, ఎత్తుగా లేవడం, రంగు మారడం, దురద పుట్టడం, గీరుకోకుండానే రక్తం కారడం. మొదటి నాలుగూ బాగానే ఉన్నా అయిదోది ఒక్కటి ఉంటే వెళ్ళాల్సిందే. ఆరు మిల్లీమీటర్ల లెక్కని మరీ పట్టుకుని కూర్చోకండి, అంతకన్నా చిన్న మెలనోమాలు కూడా ఉంటాయి.

ఈ అయిదు గుర్తులూ గుర్తుండకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చేలో కేళీలు ఏరడం మీకు తెలుసు. ఒకే రకం విత్తనం జల్లిన మడిలో, గట్టు మీద నిలబడి చూస్తే వేరే రకం మొక్క ఎత్తులోనో రంగులోనో తేడాగా కనబడిపోతుంది, దాని పేరేంటో తెలియక్కర్లేదు. ఒంటి మీద మచ్చలు కూడా అలాగే చూడండి. ఒక మనిషికి ఉండే మచ్చలు సాధారణంగా ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. వాటన్నిటి మధ్య ఒక్కటి వేరే పోలికలో ఉంటే, అన్నీ లేత గోధుమరంగులో ఉండి ఒక్కటే కటిక నలుపులో ఉన్నా, అన్నీ నల్లగా ఉండి ఒక్కటే ఎర్రగా ఉబ్బి ఉన్నా, దాన్ని చూపించుకోవాలి.

ఎరుపు అన్నాను కదా. కొన్ని మెలనోమాలకి రంగే ఉండదు. గులాబీ రంగులో, దుర్మాంసం పెరిగినట్టు, ముట్టుకుంటే రక్తం కారుతూ ఉంటాయి. నల్లగా లేదు కదా అని ధైర్యంగా ఉండద్దు.

అరికాలు, అరచెయ్యి

ఇక్కడ కాస్త నిలబడి చదవండి, మన ప్రాంతానికి అసలు సంగతి ఇదే.

అరికాల్లో మచ్చ ఉంటే ఊళ్ళు తిరుగుతారని, అరచేతిలో ఉంటే డబ్బు నిలుస్తుందని మన పెద్దవాళ్ళు అంటారు. చిన్నప్పటి నుంచి ఉన్న చిన్న మచ్చ అయితే అననివ్వండి. కానీ యాభై ఏళ్ళప్పుడు అరచేతిలో కొత్తగా మచ్చ వస్తే అదృష్టం అనుకుని ఆగకూడదు. అరికాలి మెలనోమా ఎక్కువగా యాభై దాటినవాళ్ళలో వస్తుంది. మొదట్లో ఎత్తు ఉండదు, నొప్పి ఉండదు. సిరా ఒలికినట్టు చదునుగా, అంచు తెలియకుండా, ఒకపక్క లేతగా ఒకపక్క చిక్కగా పాకుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు అలా పాకాక మధ్యలో గడ్డ లేస్తుంది, పుండు పడుతుంది. చదునుగా ఉన్నప్పుడు పట్టుకుంటే తీసేసి ఇంటికి పంపేస్తారు, గడ్డ లేచాక పట్టుకుంటే కథ వేరు. దీనికి ఎండ పెద్ద కారణం కాదు. బరువు, ఒత్తిడి పడే చోట్ల ఎక్కువ రావడం గమనించారు గానీ, చెప్పుల్లేకుండా నడిచినందుకే వస్తుందని ఎవరూ తేల్చలేదు. కాబట్టి ఎవరినీ "నువ్వు చెప్పులు వేసుకోలేదు గనకే" అని అనకండి.

మా అమ్మ మడమ పక్కన ఒక నల్లమచ్చ ఉంటే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన డెర్మోస్కోప్ అనే చిన్న లైటున్న భూతద్దాన్ని మచ్చ మీద ఆనించి, అది ఫోనుకి తగిలించి, తెర మీద నాకూ చూపించారు. అరికాలి చర్మం మీద వేలిముద్రల్లో ఉన్నట్టే గట్లూ వాటి మధ్య సన్నటి కాలవలూ ఉంటాయి. అమ్మ మచ్చలో రంగు అంతా కాలవల్లో సన్నటి సమాంతర గీతలుగా ఉంది, గట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. మామూలు మచ్చ ఇలా ఉంటుందని, అదే మెలనోమా అయితే రంగు గట్ల మీద మందంగా పరుచుకుంటుందని చెప్పారు. కోత లేదు, సూది లేదు, రెండు నిమిషాల పని. మనం ఇంట్లో మామూలు భూతద్దంతో దీన్ని తేల్చుకోలేం, ప్రయత్నించకండి కూడా. కానీ ఇలాంటి పరీక్ష ఒకటుందని తెలిస్తే వెళ్ళడానికి భయం తగ్గుతుంది.

పొరబడే చోట్లు ఇవీ. ముల్లు గుచ్చుకునో, రాయి నొక్కుకునో చర్మం లోపల రక్తం గడ్డకట్టి నల్లమచ్చ అయితే అది నడుస్తున్న కొద్దీ పై పొరతో పాటు రాలిపోతుంది, కొన్ని వారాల్లో పోవాలి. పోకపోతే రక్తం కాదు. ఆనికాయ గట్టిగా, పసుపు తిరిగి, నొక్కితే నొప్పిగా ఉంటుంది, చుట్టూ నలుపు పాకదు. ఆనికాయ అనుకున్నది బ్లేడుతో గీస్తే నల్లగానో, గీసిన ప్రతిసారీ రక్తంగానో వస్తుంటే గీయడం ఆపి డాక్టరుకి చూపించండి. ఇక షుగర్ పుండు. షుగర్ అదుపులో ఉండి, కట్లు సరిగా కడుతూ, బరువు పడకుండా చూసుకుంటున్నా రెండు నెలలకి కూడా మానని పుండు అంచున నలుపు ఉన్నా లేకపోయినా, "ఒక ముక్క తీసి పరీక్షకి పంపుతారా" అని మీరే అడగండి. ఇలా అడగడం డాక్టరుని అవమానించడం కాదు.

గోరు

మన రంగు వాళ్ళకి వయసు పెరిగేకొద్దీ గోళ్ళ మీద నిలువుగా గోధుమరంగు చారలు రావడం మామూలే. సన్నగా, అంచులు సాపుగా, రెండు మూడు గోళ్ళకి ఉంటాయి. భయపడాల్సింది ఒకే గోరుకి, ముఖ్యంగా బొటనవేలికో కాలి బొటనవేలికో, పెద్ద వయసులో కొత్తగా వచ్చిన చార. అది మూడు మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతుంటే, గోరు మొదట్లో వెడల్పుగా కొసకి సన్నగా ఉంటే, గోరు చీలిపోతుంటే, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి పాకితే, వెంటనే వెళ్ళాలి.

దెబ్బ తగిలి నల్లబడిన గోరుకీ దీనికీ తేడా తెలుసుకునే సులువు ఉంది. రక్తం గోరుతో పాటు ముందుకి జరుగుతుంది. ఇవాళ ఫొటో తీసి రెండు మూడు నెలల తర్వాత చూస్తే మొదట్లో శుభ్రమైన గోరు వచ్చి ఉంటుంది. చేతిగోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు, కాలిగోరు అందులో సగమో ఇంకా తక్కువో పెరుగుతుంది, కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. జరగకుండా మొదట్నించీ కొస దాకా అలాగే ఉంటే అది దెబ్బ కాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద ఉన్నది మెలనోమా అని 1977లో తేలింది. అంతకు ముందు దాన్ని ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్ళకే చనిపోయారు. పిప్పిగోరు అనుకుని మందు రాస్తున్న ఒకే ఒక్క నల్లగోరు నెలల తరబడి మానకపోతే ఈ సంగతి గుర్తుకు రావాలి.

మెలనోమా కాని చర్మ క్యాన్సర్లు

వీటిని త్వరగా చెప్పేస్తాను. ముక్కు పక్కన, కంటి కింద నల్లగా మెరుస్తూ బొడిపె లేచి, మధ్యలో చిన్న పుండు పడి, పక్కు కట్టడం, రాలడం, మళ్ళీ కట్టడం జరుగుతుంటే అది బేసల్ సెల్ క్యాన్సర్ కావచ్చు. మనవాళ్ళలో నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అని పొరబడతారు. వేరే చోటికి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఆ చోటుని తినేస్తుంది. ఇంకొకటి స్క్వామస్ సెల్ క్యాన్సర్. ఎప్పుడో చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చలో, ఏళ్ళ తరబడి మానీ మానకుండా ఉన్న పుండులో, ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. పాత కాలిన మచ్చ పగిలి పుండు పడి మానకపోతే తేలిగ్గా తీసుకోకండి. పంచె, చీర బిగించి కట్టే నడుం చోట ఒరిపిడికి నల్లబడటం అందరికీ ఉండేదే, అక్కడ మానని పుండు పడితే మాత్రం చూపించుకోండి. అరుదే గానీ మన దేశపు డాక్టర్లు ధోతీ క్యాన్సర్ అని పేరు పెట్టి మరీ రాశారు.

చేయకూడనివి

సున్నం, చాకలి సోడా కలిపి మచ్చ మీద పెట్టకండి. జీడి గింజతో కాల్చకండి. గుర్రం వెంట్రుక కట్టకండి. బ్లేడుతో గీయకండి. బ్యూటీ పార్లర్‌లో మిషను పెట్టి కాల్పించుకోకండి. ఇవన్నీ తేడా మచ్చ మీద చేస్తే జరిగేది ఒకటే, పైన కనిపించే నలుపు పోతుంది, లోపల ఉన్నది ఉంటుంది, మచ్చ పోయింది కదా అని మీరు ఊరుకుంటారు, పరీక్షకి పంపడానికి ముక్క కూడా మిగలదు. క్లినిక్‌లో లేజరుతో తీయించుకున్నా ఇదే మాట: అనుమానం ఉన్న మచ్చని కాల్చి తీయకూడదు, కోసి తీసి ల్యాబ్‌కి పంపాలి. పంపుతారా అని ముందే అడగండి, "అక్కర్లేదు" అంటే ఎందుకు అక్కర్లేదో అడగండి.

కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఊళ్ళో గట్టి నమ్మకం. ముక్క తీయడం వల్ల మెలనోమా పాకదు. ముక్క తీయకుండా ఆగిన నెలల్లో పాకుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాక

చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికే వెళ్ళండి. డెల్టాలో పట్నాలన్నిట్లోనూ ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు, కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి చెందిన ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. మొహమాటపడి జలుబుతో పాటు చివర్లో చెప్పకండి, కూర్చోగానే చెప్పండి: ఈ మచ్చ ఎప్పటి నుంచి ఉంది, ఎంతలో ఎంత పెరిగింది, రక్తం కారిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా. ఫొటోలు చూపించండి. ఒంటి మీద మిగతా మచ్చలు కూడా, కాళ్ళతో సహా చూడమనండి.

అనుమానం ఉంటే బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్ష, చేయాలంటారు. మచ్చ చిన్నదైతే చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా మొత్తం తీసేయడం మేలు, అరికాల్లో పెద్దదైతే బాగా నల్లగా, మందంగా ఉన్న చోట ముక్క తీస్తారు. ఆ చోటు వరకే మత్తు ఇస్తారు. రిపోర్టులో మెలనోమా అని వస్తే ముందు చూడాల్సింది దాని లోతు, బ్రెస్లో మందం అని మిల్లీమీటర్లలో రాస్తారు. వైద్యం అంతా ఆ అంకె మీదే నడుస్తుంది. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే చుట్టూ ఒక సెంటీమీటరు చర్మం తీస్తే సాధారణంగా సరిపోతుంది, అలాంటివాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్ళ తర్వాత కూడా బతికి ఉంటారు. రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు తీయాలి, క్యాన్సర్ అక్కడికి పాకిందేమో అని గజ్జల్లోనో చంకలోనో ఉండే లింఫ్ గ్రంథిని, అంటే మనం బిళ్ళ అనేదాన్ని, కూడా పరీక్షిస్తారు. అందుకే కాలి మీద అనుమానం మచ్చ ఉన్నవాళ్ళు గజ్జల్లో బిళ్ళ కట్టిందేమో కూడా తడిమి చూసుకోవాలి. మన దగ్గర బోదకాలు పాతకాలం నుంచీ ఉంది కాబట్టి గజ్జల్లో బిళ్ళ అనగానే అదే అనుకుంటారు, జ్వరం లేకుండా, నొప్పి లేకుండా, గట్టిగా పెరుగుతున్న బిళ్ళకి వేరే కారణం వెతకాలి.

క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నది, క్యాన్సర్ ఆపరేషన్లకీ వైద్యానికీ వర్తిస్తుంది. ముక్క పరీక్ష రిపోర్టు అసలు కాపీ, ఆధార్, రేషన్ కార్డు ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళండి. ల్యాబ్‌లో ముక్కని మైనం దిమ్మలో భద్రపరుస్తారు, పెద్దాసుపత్రివాళ్ళు ఆ దిమ్మనే అడుగుతారు, కాబట్టి ఏ ల్యాబ్‌కి పంపారో రాసి పెట్టుకోండి.

ఎంత తొందరగా వెళ్ళాలంటే, చిన్నప్పటి నుంచి ఉండి ఏ మార్పూ లేని మచ్చ గురించి ఉత్త అనుమానమే అయితే కోతలయ్యాక వెళ్ళినా పర్వాలేదు. పెరుగుతున్నది, రక్తం కారుతున్నది, గోరు దాటి పాకిన నలుపు అయితే దాళ్వా అయ్యేదాకా, పెళ్ళి అయ్యేదాకా ఆగకండి, ఒకటి రెండు వారాల్లో చూపించుకోండి. అరికాల్లో ముక్క తీస్తే కుట్లు దాదాపు రెండు వారాలు ఉంటాయి, ఆ కాలి మీద బరువు వేయకూడదు, బురదలోకీ చెరువులోకీ దిగకూడదు. కూలి పని చేసేవాళ్ళు ఆ రెండు వారాల పనికి ఎవరినైనా ముందే మాట్లాడి పెట్టుకుని వెళ్ళండి, లేకపోతే మూడో రోజే దిగాల్సివచ్చి కుట్లు చీము పడతాయి.